అమ్మ గొంతుకు ప్రీయాంప్

మా అమ్మది చిన్న గొంతు అని ఇంట్లో అందరం అనుకునేవాళ్లం. ఆ నమ్మకంతోనే నేను మూడు వారాలు ఊరంతా తిరిగి ఒక పెట్టె కొన్నాను. దారిలో కనిపించిన వాళ్లందరి మీదా విసుక్కున్నాను కూడా.

మా అమ్మాయికి ఏడో నెల. పురసవాక్కంలో మా ఇంట్లోనే గాజులు తొడిగే వేడుక పెట్టుకున్నాం. హారతి పాట ఎవరు పాడాలన్న మాట వస్తే మా ఆవిడ, "నాకు పాటేడ వస్తుంది? అత్తమ్మ టేపే పెట్టండి" అనేసి లోపలికి వెళ్లిపోయింది. ఆ టేపు ఎప్పుడో మా మేనత్త సీమంతంలో నాన్న రికార్డు చేసింది. వదిన హోదాలో హారతి పాడింది అమ్మ. ఇప్పుడు అమ్మ లేదు. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్లోనే. మనవరాలి వేడుకలో అది అందరికీ వినపడాలి, నాకు కావలసింది అంతే.

నా దగ్గర పాత క్యాసెట్ డెక్కు, ఆఫీసు మిత్రుడు వదిలించుకున్న పవర్ యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఉన్నాయి. డెక్కుకు గాని యాంప్లిఫయర్‌కు గాని వాల్యూమ్ నాబ్ లేదు. రెంటినీ కలిపి టేపు పెడితే అమ్మ పక్కింట్లో పాడుతున్నట్టు వినిపించింది. సినిమా పాటల క్యాసెట్ పెడితే మాత్రం కిటికీ అద్దాలు అదిరాయి. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది, రాలేదు.

రిచీ స్ట్రీట్‌లో ఎలక్ట్రానిక్స్ సామాన్లమ్మే మొదటి అంగడాయన, "ప్రీయాంప్ లేకుండా ఎట్లా సార్? డెక్కు నుంచి వచ్చేదాన్ని పెంచి ఇచ్చేది, మీ చేతికి ఒక నాబ్ ఇచ్చేది అదే గదా" అన్నాడు. సబబుగా తోచింది. రెండో అంగడాయన నవ్వాడు. "రికార్డు ప్లేయర్‌కైతే కావాలి సార్. డెక్కుకు ఎందుకు? శబ్దం తగ్గించుకోను నాబ్ ఒకటి ఉంటే చాలు" అన్నాడు. అదీ సబబుగానే తోచింది. వ్యాసర్పాడిలో రేడియోలు బాగుచేసే మన తెలుగాయన దగ్గరికి వెళితే, "నడిమిన పెట్టె పెట్టినావంటే పాటెంత పెరుగుతాదో రొదా అంతే పెరుగుతాదన్నా, వేణాం, వద్దు" అన్నాడు. ముగ్గురూ నిజమే చెబుతున్నట్టున్నారు, కాని ఒకరు కొనమంటారు, ఇద్దరు వద్దంటారు. నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి, కొనకపోతే కొనలేదన్న బాధ ఉండిపోతుందని కొనేశాను.

వేడుక ముందురోజు ఆ పెట్టె బిగించి నాబ్ తిప్పాను. అమ్మ గొంతు పెరిగింది. దాంతోపాటు ఆనాటి ఫ్యాను గరగర, గాజుల చప్పుడు, టేపు హోరు అన్నీ పెరిగాయి. తగ్గిస్తే అమ్మ పోతుంది, పెంచితే హోరులో మునుగుతుంది. వ్యాసర్పాడి ఆయన మాట వినలేదే అని ఒకసారి, ఇంకా మంచి ప్రీయాంప్ కొనలేదే అని ఒకసారి నన్ను నేను తిట్టుకున్నాను.

జార్జి టౌన్ నుంచి అప్పుడే వచ్చిన మేనత్త, చేతిలో సంచి కూడా దించకుండా కాసేపు విన్నది.

"ఆ పెట్టె ఏం చేస్తాదిరా పాపం. మీ తాత ఆడ హాల్లోనే కూర్చోని ఉండె. మామ ఎదురుగా కోడలు గొంతెత్తుతాదా? మీ అమ్మ నోట్లోనే పాడుకునె."

"అమ్మది చిన్న గొంతే కదత్తా" అన్నాను.

"ఎవురు చెప్పింది? మొగోళ్లు అంగడికి పోతే మిద్దె మింద గుడ్డలు ఆరేస్తా పాడేది. వీధి కొసాకు వినపడేది."

"నేనెప్పుడూ వినలేదే?"

"నువ్వు ఇస్కూల్లో ఉంటివి."

"ఆదివారం?"

"ఆదివారం మీ తాత ఇంట్లోనే గదరా."

అయినా వదల్లేదు. "తాత పోయినాకన్నా పాడొచ్చు కదా?"

అత్త సంచి దించి నా మొహంలోకి చూసింది. "అప్పిటికి నీకు మీసాలొచ్చె గదరా."

ఆ రాత్రి అన్నం సయించలేదు. అమ్మతో ఒకే ఇంట్లో నలభై ఏళ్లు ఉన్నాను. ఆమె అసలు గొంతు ఎదురింటివాళ్లకు తెలుసు, నాకు తెలియదు. ఏ ప్రీయాంపైనా టేపులో ఉన్నదాన్నే పెంచుతుంది కదా.

మర్నాడు హారతి వేళకు అమ్మాయి, "నాన్నా, సౌండ్ ఎంత పెట్టాలి?" అని అడిగింది. "నాకు తెలీదమ్మా, మీకెంత కావాలంటే అంత పెట్టుకోండి" అని నాబ్ దగ్గర్నుంచి లేచాను. కాఫీ వంకతో అల్లుణ్ని, వియ్యంకుణ్ని, మిగిలిన మగవాళ్లను కిందికి తీసుకుపోతూ, మా వెనక తలుపు చేరవేశాను. ఎందుకని వియ్యంకుడు రెండుసార్లు అడిగాడు. లోపల ఉక్కగా ఉందన్నాను.

మెట్ల మీద కూర్చున్నాం. పైన అమ్మ సన్నగా మొదలుపెట్టింది. రెండో చరణంలో ఆమెతో కలిసి మరో గొంతు లేచింది. నిండు గొంతు, గేటు దాకా వచ్చింది. చుట్టాల్లో ఎవరో బాగా పాడుతున్నారే అనుకున్నాను.

"అత్త బాగా పాడతా ఉంది మామా" అన్నాడు అల్లుడు.

"ఏ అత్త?"

అతను వింతగా చూశాడు. "మా అత్తే. పొద్దున పూట మీ అమ్మాయి ఈడినించి నాకు ఫోన్ చేస్తే వెనకాల ఈ గొంతే గదా వినపడతా ఉంటుంది."

పొద్దున పూట నేను ఆఫీసులో ఉంటాను. మా పెళ్లయి ముప్పై ఏళ్లయింది. కాఫీ గ్లాసు పట్టుకుని, పాట అయ్యేదాకా పైకి వెళ్లకుండా అక్కడే కూర్చున్నాను.