గేటు దగ్గర పది నిమిషాలు

మా థీమ్ పార్కులో ఆమెను అందరూ కొలకర్రక్క అనేవాళ్ళు. పెద్ద రోలర్ కోస్టర్ మెట్ల దగ్గర కొలకర్ర పట్టుకుని పదకొండేళ్ళు నిలబడింది. కర్ర మీద ఒక ఎర్రగీత ఉంటుంది. పిల్లల తల ఆ గీతకు తగిలితే పైకి, తగలకపోతే వెనక్కి. నేను టికెట్ల గదిలో పనిచేసేదాన్ని. మధ్యాహ్నం భోజనానికి ఇద్దరం ఒకే బల్ల దగ్గర చేరేవాళ్ళం. నేను కూర్చుని తినేదాన్ని, ఆమె గిన్నె చేత్తో పట్టుకుని నిలబడే తినేది. కూర్చోమంటే, "కూర్చుంటే మళ్ళీ లేవాలి కదా" అనేది.

వినడానికి తేలిక ఉద్యోగమే. కానీ పిల్లల్ని రైడు ఎక్కించాలని ఇంటి నుంచి అనుకుని వచ్చిన తల్లులు ఊరుకోరు. బూట్లలో కాగితాలు కుక్కి తెచ్చేవాళ్ళు, నడినెత్తిన జుట్టు ముడివేసి తెచ్చేవాళ్ళు. ఆమె ఆ ముడి మీద అరచెయ్యి వేసి మెల్లగా నొక్కేది. "రైడు ఎక్కాల్సింది పిల్ల, జుట్టు కాదమ్మా" అని పక్కకు తప్పించేది. ఎంత బతిమాలినా, ఎంత అరిచినా అదే గొంతు.

పార్కు మూతపడటానికి ముందు వేసవిలో సొంత మేనల్లుణ్ణే వెనక్కి పంపింది. మేనల్లుడంటే ఆమె ఆడపడుచు కొడుకు, ఏడేళ్ళవాడు. గీతకు రెండు వేళ్ళు తక్కువొచ్చాడు. వాడు మెట్ల మీదే కూలబడి ఏడ్చాడు. ఆడపడుచు నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

"ఇంటిమనిషివై ఉండి, ఆ రెండు వేళ్ళూ చూసీ చూడనట్టు పోనివ్వలేకపోయావా?"

"సీటు కడ్డీ కింద నుంచి జారితే పట్టుకోవడానికి అక్కడ నేనుండను వదినా" అంది కొలకర్రక్క.

ఆ తర్వాత కొన్ని నెలలకే మహమ్మారి వచ్చి పార్కుకు తాళం పడింది. మా అందరినీ ఇళ్ళకు పంపేశారు.

ఆమెది రెండు గదుల ఇల్లు, మూడో అంతస్తు. భర్త ఎలక్ట్రీషియను. ఆయనకు ఎక్కడో ఒకచోట మోటారు కాలిపోతూనే ఉండేది కాబట్టి బయటకు పోయి వచ్చేవాడు. ఈమెకు ఆ రెండు గదులే లోకం. అత్తగారు కూడా ఇంట్లో లేరు. మూత పడటానికి వారం ముందు కూతురింటికి వెళ్ళి, దారులు బంద్ కావడంతో అక్కడే చిక్కుకుపోయారు. ఆ ఊరికి కారులో నాలుగు గంటల దారి. ఇక కొలకర్రక్క ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగేది. ఫోనులో నాతో మాట్లాడుతుంటే వెనక చెప్పుల చప్పుడు వినపడేది, వంటింటి నుంచి కిటికీకి, కిటికీ నుంచి తలుపుకు. "ఈ చివర నుంచి ఆ చివరకి పద్నాలుగు అడుగులు. మొన్న పదమూడే వచ్చాయి. ఇల్లు కుంచించుకుపోతోందేమో చూడాలి" అనేది. నవ్వులాటకు అన్నట్టే ఉండేది గానీ, ఆ గొంతులో నవ్వు లేదు.

పార్కు తెరుస్తామని మొదట ఒక తేదీ చెప్పారు. వాయిదా పడింది. రెండోసారి చెప్పారు, అదీ పోయింది. మూడోసారి తేదీ వచ్చేసరికి పది నెలలు గడిచాయి. ఈసారి తప్పదన్నారు. పనిచేసేవాళ్ళ కుటుంబాలకు మొదటిరోజు ఉచిత పాసులిస్తామని మొదటి తేదీ చెప్పినప్పటి నుంచీ చెబుతూ వచ్చారు.

ఆ కబురు అప్పుడే ఆడపడుచుకు చేరవేసింది కొలకర్రక్కే. అందరూ రండి, అత్తయ్యను కూడా తీసుకురండి, మొదటిరోజు సాయంత్రం అంతా మా ఇంటికే అంది. ఇక అక్కడి నుంచి రోజూ ఫోన్లే. ఆడపడుచు ప్రయాణం అనుకుందంటే మనిషి మనిషిలా ఉండదు. ఎన్నింటికి బయల్దేరాలి, దారిలో ఎక్కడ ఆగాలి, అసలు ఆగకూడదా, మాస్కులు ఎన్ని, నీళ్ళ సీసాలు ఎన్ని, ముందు ఏ రైడు ఎక్కితే ఏ రైడుకు వరుస తగ్గుతుంది, అన్నీ కాగితం మీద రాసింది. తేదీ వాయిదా పడ్డ ప్రతిసారీ ఆ కాగితం చింపి కొత్తది రాసింది. పిల్లవాడు మాత్రం ఫోను లాక్కుని ఒక్కటే చెప్పేవాడు.

"అత్తా, తలుపు మీద కొత్త గీత గీశాం. పోయినసారికంటే నాలుగు వేళ్ళు పైన."

"పెన్సిలు పడుకోబెట్టి గీశారా, ఏటవాలుగా పెట్టి గీశారా?"

"అమ్మమ్మ గీసింది."

"అయితే సరిగ్గానే గీసుంటుందిలే. అయినా నేను చూడాలి."

పార్కు తెరిచే ముందు సగం మందిని పిలిచారు. ఆ సగంలో మేమిద్దరం ఉన్నాం. వారం రోజులు ముందే వెళ్ళాం. నేల మీద పసుప్పచ్చ వలయాలు గీయించారు, మనిషికీ మనిషికీ మధ్య రెండు అంగల దూరం. రైడుల్లో సీటు విడిచి సీటుకు రిబ్బను కట్టారు. రోలర్ కోస్టర్‌ను పరీక్షకు తిప్పుతుంటే సీట్లలో మనుషులకు బదులు ఇసుక బస్తాలు కూర్చున్నాయి. ఒక్క అరుపు లేకుండా అది పైకెక్కి కిందికి దూకుతుంటే చూడబుద్ధి కాలేదు. మైకులో మాత్రం స్వాగతం చెప్పే గొంతు రోజంతా ఎవరికో చెబుతూనే ఉండేది.

కొలకర్రక్కను ఈసారి మెట్ల దగ్గర పెట్టలేదు. మాటకు నిలబడే మనిషని పేరుంది కాబట్టి గేటు దగ్గర పెట్టారు. చేతిలో కర్ర పోయి, నుదుటి ముందు పెట్టి చూసే థర్మామీటరు వచ్చింది. నూరు డిగ్రీలు దాటితే నీడలో పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూడాలి. అప్పటికీ దాటితే ఆ మనిషితోబాటు వచ్చినవాళ్ళందరూ వెనక్కి వెళ్ళిపోవాలి. నుదుటికి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టాలని, దూరం పెరిగితే అంకె తక్కువ చూపిస్తుందని మాకందరికీ ఒక రోజంతా నేర్పించారు.

మొదటిరోజు మేమనుకున్న దానికంటే ఎక్కువమందే వచ్చారు. మాస్కుల వెనక మొహాలు కనిపించకపోయినా, పిల్లల కళ్ళు చూస్తే తెలిసిపోయేది ఎన్ని నెలలు ఎదురుచూశారో. పదకొండు గంటలకు కొలకర్రక్క ఇంటివాళ్ళు వచ్చారు. ఆడపడుచు, ఆవిడ భర్త, వాళ్ళ ఇద్దరు పిల్లలు, అత్తగారు. నా టికెట్ల కిటికీ నుంచి గేటు బాగా కనిపిస్తుంది. అత్తగారు దూరం నుంచే చెయ్యి ఊపారు. పిల్లవాడు వరుసలో వలయం నుంచి వలయంలోకి దూకుతూ వచ్చి, అందరికంటే ముందు నుదురు చాచాడు. వాడికి సరిగ్గానే ఉంది. అత్తగారికి సరిగ్గానే ఉంది. ఆడపడుచు దగ్గరకొచ్చేసరికి థర్మామీటరు ఎర్రగా వెలిగింది. నూటొకటిన్నర.

"ఎండలో నడిచొచ్చాం కదా" అంది ఆడపడుచు.

"అయ్యుంటుంది వదినా. నీడలో కూర్చోండి, పది నిమిషాల్లో మళ్ళీ చూస్తా."

గేటు పక్కన పందిరి కింద బెంచీ ఉంది. అయిదుగురూ అక్కడ కూర్చున్నారు. కొలకర్రక్క వరుసలో మిగతావాళ్ళను చూస్తూనే, ఒక్కో మనిషికీ ఒక్కోసారి తల అటు తిప్పేది. సూపర్‌వైజరు వచ్చి ఏమిటని అడిగాడు. చెప్పింది. ఆయన బెంచీ వైపు చూసి, "మీవాళ్ళే కదా. మీరే చూసుకోండి" అని వెళ్ళిపోయాడు. వద్దంటే ఆపేది, పంపమంటే పంపేది. ఆయన రెండూ అనలేదు. ఆ బరువంతా ఆమె నెత్తిన పెట్టి పోయాడు.

పది నిమిషాలయ్యాక కొలకర్రక్క ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది. నాకు ఆమె వీపే కనిపించింది. కాసేపటికి చెయ్యి కిందికి దిగింది.

"వదినా, ఇవాళ్టికి వెనక్కి వెళ్ళాలి. అందరూ."

"అందరూనా? పిల్లలు ఏం చేశారు?"

"రూలు అలా ఉంది."

"రూలు పెట్టినాయన ఇందాక వచ్చి పోయాడుగా. నిన్నే చూసుకోమన్నాడుగా. నేను విన్నాను."

"అందుకే నేనే చెబుతున్నా."

ఆడపడుచు లేచి నిలబడింది. అరవలేదు. వరుసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేంత గొంతుతో మాత్రం అంది: "నాలుగు గంటలు కారులో కూర్చోబెట్టి తీసుకొచ్చా. రమ్మని పిలిచిందీ నువ్వే, పొమ్మంటున్నదీ నువ్వే."

కొలకర్రక్కకు తల కొట్టేసినట్టయింది. అత్తగారు కోడలి వైపు చూసి, "పోనీలే, దాని పని అది చేసింది" అని కూతురి చెయ్యి పట్టుకున్నారు. పిల్లవాడు ఏడవలేదు. గేటులోంచి కనిపిస్తున్న రోలర్ కోస్టర్ వైపు ఒకసారి చూసి, అత్తను మాత్రం చూడకుండా కారు ఎక్కాడు. వాళ్ళు సాయంత్రం ఇంటికి కూడా రాలేదు. అటునుంచి అటే వెళ్ళిపోయారు.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆమె ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. భర్త కూడా అటూ ఇటూ కాని మాటే మాట్లాడాడు. "తప్పని నేననను. కానీ ఇంకోలా చెప్పి ఉండొచ్చేమో" అన్నాడు. ఎలా చెప్పాలో చెప్పమంటే పనిముట్ల సంచి అందుకుని బయటకు పోయాడు. ఆ నాలుగు రోజులూ పార్కులో ఆమెను చూస్తే నాకే గాభరాగా ఉండేది. వరుస లేనప్పుడు కూడా గేటు ఈ కమ్మీ నుంచి ఆ కమ్మీ దాకా నడుస్తూనే ఉండేది. శానిటైజరు సీసా తీసి తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేది. ఎవరికైనా నూరు దాటిందంటే ఒకటికి నాలుగుసార్లు చూసేది.

అయిదో రోజు ఆడపడుచు భర్త ఫోను చేశాడు. ఆడపడుచుకు పరీక్షలో పాజిటివ్ వచ్చింది. పిల్లలకు లేదు. మరుసటిరోజు అత్తగారికి దగ్గు మొదలైంది. ఆ తర్వాత మూడు రోజులకు ఆవిడను ఆసుపత్రిలో చేర్చారు.

మా పార్కులో అందరూ కొలకర్రక్కను మెచ్చుకున్నారు. ఎంతమందిని కాపాడావో అన్నారు. ఆమె మెచ్చుకోలు విన్నప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేది. భోజనాల దగ్గర నాతో అంది: "నేను రమ్మనకపోతే వాళ్ళు కారు ఎక్కేవాళ్ళే కాదు. అద్దాలు మూసిన కారులో పోనూ రానూ ఎనిమిది గంటలు పక్కపక్కన కూర్చున్నారు. గేటు దగ్గర ఆపి నేనేం కాపాడాను?"

ఆసుపత్రికి ఎవరినీ రానివ్వలేదు. రోజూ సాయంత్రం అయిదింటికి నర్సు ఫోను చేసి రెండు ముక్కలు చెప్పేది. అయిదు కాకముందే కొలకర్రక్క ఫోను చేతిలో పట్టుకుని పార్కు ప్రహరీ వెంట నడిచేది. ఒకరోజు నర్సు ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేసింది. ఆ ఇరవై నిమిషాల్లో ఆమె ప్రహరీని రెండుసార్లు చుట్టి వచ్చింది. పన్నెండో రోజున అత్తగారిని ఇంటికి పంపించారు. మనిషి సగమైంది గానీ, గొంతు మారలేదట.

ఆ రోజే ఆడపడుచు ఫోను చేసింది. ఆ మాటలు ఆమె నాకు తర్వాత చెప్పింది, ఒక్క ముక్క వదలకుండా.

"నీతో ఒకటి చెప్పాలి" అంది ఆడపడుచు. "ఆ రోజు బయల్దేరే ముందే నాకు ఒళ్ళు వెచ్చగా ఉంది. ఎవరికీ చెప్పలేదు. జ్వరం మాత్ర వేసుకుని కారెక్కాను. సాయంత్రం దాకా పనిచేస్తుందనుకున్నా. రెండుసార్లు వాయిదా పడ్డ ప్రయాణం. పిల్లాడు తలుపు దగ్గర నుంచి కదలడు. ఈ ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నా. నువ్వు నుదుటి ముందు పెట్టగానే నాకు తెలిసిపోయింది. తెలిసే నిన్ను అందరి ముందూ అన్ని మాటలన్నాను. ఇంటికొచ్చిన అమ్మను ఇలా మంచం మీద చూశాక ఇక దాచుకోలేకపోతున్నా."

ఫోను పట్టుకుని నడుస్తున్న కొలకర్రక్క కిటికీ దగ్గర ఆగిందట.

"వదినా, నేనూ ఒకటి చెప్పాలి" అంది అప్పుడు. "రెండోసారి చూసినప్పుడు నేను థర్మామీటరు దూరంగా పట్టుకున్నాను. జానెడు దూరం. అలా పెడితే తగ్గుతుందని నాకు తెలుసు. తొంభై తొమ్మిదని చూపిస్తే పంపించేసేదాన్నే. అంత దూరం పెట్టినా నూరు దాటింది. నేను ఆపలేదు వదినా. అది ఆపింది."

ఇద్దరూ కాసేపు ఏడ్చారు. తర్వాత ఆడపడుచు, "అమ్మకు చెబుదామా?" అని అడిగింది. "మీది మీరు చెప్పండి, నాది నేను చెబుతా" అంది కొలకర్రక్క. ఇద్దరి మాటలూ విని అత్తగారు, "ఇద్దరూ ఇద్దరే" అన్నారట.

మరుసటిరోజు కొలకర్రక్క సూపర్‌వైజరు గదికి వెళ్ళి జరిగింది చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "ఎవరూ చూడలేదు కదా, ఇప్పుడెందుకు?" అన్నాడు. రాసుకోమంది. ఆయన రాసుకోలేదు. అయితే ఇంటివాళ్ళను ఇంటివాళ్ళే చూసే పద్ధతి అయినా తీసేయమంది. దానికి మాత్రం ఒప్పుకున్నాడు. వారం తిరిగేసరికి ఆ మాట అచ్చువేసి గేటు దగ్గర అంటించారు.

రెండు నెలల తర్వాత, కేసులు తగ్గాక, ఆమె మూడు రోజులు సెలవు పెట్టింది. పార్కు కిటకిటలాడే రోజుల్లో ఆమె సెలవడగడం పదకొండేళ్ళలో అదే మొదలు. భార్యాభర్తలిద్దరూ ఆడపడుచు ఊరికి వెళ్ళారు. ఆ మూడు రోజులూ గేటు దగ్గర ఆమె బదులు నన్ను నిలబడమన్నారు. మొదటిరోజు గడిచింది, రెండో రోజు గడిచింది. మూడోరోజు పొద్దున నేను గేటు దగ్గరికి వచ్చేసరికి ఆమె అప్పటికే అక్కడ ఉంది, మాస్కు బిగించుకుంటూ.

"ఇంకో రోజుందిగా? ఎలా ఉన్నారు అందరూ?"

"బాగానే ఉన్నారు. అత్తయ్య వరండాలో పది అడుగులు నడుస్తోంది. పిల్లాడు మొదటిరోజంతా నాతో మాట్లాడలేదు. నిన్న పొద్దున మాట్లాడటం మొదలుపెట్టాడు, ఇక ఆపలేదు. వదిన మళ్ళీ కాగితం తీసింది, వచ్చే సెలవులకి ఎక్కడికెళ్ళాలని."

"మరి ఉండాల్సింది."

"ఉండమనే అన్నారు" అని నా చేతిలోంచి థర్మామీటరు తీసుకుని, దాని కంటిని గుడ్డతో తుడిచింది. "నాకే అక్కడ తోచలేదు."