తాటిచెట్టు మీద కుదిర్చిన గురి

మొన్న కార్తీకంలో సముద్ర స్నానానికని మా అమ్మాయి నన్ను బాపట్ల దాటి సూర్యలంకకు తీసుకెళ్ళింది. స్నానాలయ్యాక ఇసకలో నడిచి వస్తుంటే బుడగలు కాల్చే కొట్టు ఒకటి కనపడింది, బల్ల మీద తుపాకీ, ఆ తుపాకీ వీపు మీద జానెడు నల్ల గొట్టం. కొట్టతను వేళాకోళానికి దాన్ని నా చేతిలో పెట్టి, "గురి చూడండి మామ్మగారూ, మీకు ఒకటి ఊరికేనే" అన్నాడు. నేనేమీ ఆలోచించకుండానే ఆ గొట్టానికి నాలుగు వేళ్ళ ఎడంగా కన్ను నిలిపాను. తెలియనివాళ్ళు కన్ను ఆనించేసి అంతా నల్లగా ఉందంటారు కదా, ఈవిడకెలా తెలిసిందని అతను మా అమ్మాయి వంక చూసి, "మామ్మగారికి తుపాకీ అలవాటేనాండీ?" అని నవ్వాడు. బుడగ పేల్చలేదు నేను. తుపాకీ బల్ల మీద పెట్టేసి వచ్చి బస్సెక్కాను. తెనాలి చేరాక ఇదంతా రాయమని మా అమ్మాయిని కూర్చోబెట్టాను.

నాకు చదువు సంతకం వరకే. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తున్నది. నా గొంతు మొదటినుంచీ బొంగురు, ఈ మధ్య మరీ గీసినట్టు వస్తున్నది, అందుకని అది మధ్యమధ్య ఆపి మళ్ళీ చెప్పమంటుంది, రెండోసారి చెప్పేటప్పటికి నాకే దుఃఖం వస్తుంది.

మా ఆయనకు తెనాలిలో కళ్ళద్దాల కొట్టు ఉండేది. అందరి చూపూ సరిచేసే మనిషికి ఆకాశం పిచ్చి ఎందుకు పట్టిందో నాకు తెలియదు గానీ, ఎక్కడో చదివి, మందపాటి గాజుబిళ్ళలు రెండు తెప్పించి, డాబా మీద పీపా చుట్టూ ప్రదక్షిణలు చేస్తూ గాజు మీద గాజు రాసి అద్దం తయారుచేసుకున్నారు. దాన్ని నూతి గొట్టం అంత లావు గొట్టంలో అమర్చి చెక్కపీట మీద నిలబెడితే, ఎదురింటివాళ్ళు డాబా మీద కొత్త ట్యాంకు కట్టిస్తున్నారేమో అనుకున్నారు. ఆ పెద్ద గొట్టంలో చంద్రుడు ఇంట్లోకి వచ్చినంత దగ్గరగా కనపడేవాడు. కానీ చంద్రుణ్ణి తప్ప ఇంకేదీ పట్టుకోలేకపోయేవారు. దాని చూపు అంత ఇరుకు, సూది బెజ్జంలోంచి ఊరు వెతికినట్టు ఉండేది. పక్కన చిన్న గొట్టం ఒకటి ఉండాలట, ముందు అందులో చుక్కను పట్టుకుంటే పెద్దదానిలో దానంతటది దొరుకుతుందట.

మా పుట్టిల్లు రేపల్లె. అన్నయ్యకు నిజాంపట్నం దారిలో చేపల చెరువులుండేవి. చెరువుల మీద వాలే కొంగల్ని బెదిరించడానికి గాలి తుపాకీ కొని, దానికి దుర్భిణి కూడా బిగించుకున్నాడు. తరువాత చెరువుల మీద వలలు కప్పడం వచ్చాక ఆ తుపాకీ దూలానికి వేలాడుతుండేది. ఒకసారి మేం పండక్కో దేనికో వెళ్ళినప్పుడు మా ఆయన తల పైకెత్తి దాని వంక చూసిన చూపు నేను పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు.

"బావా, ఆ తుపాకీ ఇటివ్వు" అన్నారు.

"ఎందుకు బావా, మా చెల్లిని కాలుస్తావా?" అన్నాడు అన్నయ్య.

"తుపాకీ నువ్వే ఉంచుకో, దాని మీద దుర్భిణి చాలు నాకు."

"తీసుకుపో. మళ్ళీ కావాల్సొస్తే మాత్రం అడుగుతా, అప్పుడు లేదనకూడదు" అని నవ్వుతూనే అన్నాడు. ఆ మాట అప్పుడు ఎవరూ మనసులో పెట్టుకోలేదు.

తీసుకొచ్చాక అది పనిచేయలేదు. చుక్కలన్నీ నూనె మరకల్లా అలుక్కుపోయి కనపడేవి. తుపాకీ దుర్భిణి దగ్గర్లో ఉన్న పిట్టను చూడటానికి కదా, చుక్క అంత దూరమేంటో దానికేం తెలుసు అనుకున్నాను నేను. ఆయన ముందరి బిళ్ళను బిగించిన కట్టు వదులుచేసి, బిళ్ళను కాస్త తిప్పడం, చూడటం, మళ్ళీ తిప్పడం, ఇలా చేస్తూ చేస్తూ ఒక సాయంత్రం చుక్కను ఆవగింజంత చేశారు. నీళ్ళ గొట్టం ముక్కలు రెండు కోసి కడియాల్లా చేసి, ఒక్కోదానికి మూడేసి మరలు పెట్టి, వాటి నడుమ దుర్భిణిని నిలిపారు. నన్ను చూడమంటే నేను కన్ను ఆనించేశాను, చీకటి తప్ప ఏమీ లేదు. నాకు కళ్ళు పోయాయనుకుని భయపడ్డాను. "కన్నానిస్తే తుపాకీ తన్నుద్దనే దాన్నట్టా చేశారే, ఎడంగా ఉండు, అప్పుడు కనపడుద్ది" అన్నారు. వెనక్కి జరిగితే నిజంగానే కనపడింది, మధ్యలో సన్నని కూడిక గుర్తు, ఆ గుర్తు మీద ఆకాశం.

ఇక రెండు గొట్టాలూ ఒకే చోటు చూడాలి కదా, ఆ పని పగటిపూటే చేయాలి. మా డాబా మీంచి పొలాల అవతల ఒంటి తాటిచెట్టు ఉండేది. పెద్ద గొట్టంలో దాని మొవ్వు దగ్గర కట్టిన కల్లు ముంతను పట్టుకుని, చిన్నదానిలో కూడిక గుర్తు కూడా ఆ ముంత మీదే నిలిచేదాకా మరలు బిగించేవారు. చిన్నదానిలో కల్లు గీసే అతను మామూలుగా చెట్టెక్కుతుంటే, పెద్దదానిలో అతనే తలకిందులుగా ఆకాశంలోకి దిగుతుండేవాడు. కల్లు ముంత తలకిందులైనా ఒక్క చుక్క కారలేదేంటని మా అత్తగారు కూడా నవ్వారు. గురి కుదిరితే గుణం కుదురుతుందని పెద్దలు భక్తికి చెప్పిన సామెతను మా ఆయన మరలు తిప్పుతూ అనేవారు.

కుదిరింది. చాలా చూశారు. నేనూ కొన్ని చూశాను. ఒక్క శనిని తప్ప.

మా ఆయన జాతకానికి అప్పుడు ఏలినాటి శని. మా అత్తగారు శనివారాలు నువ్వులనూనె దీపం పెట్టించేవారు. గుళ్ళో కూడా శనీశ్వరుడికి ఎదురుగా నిలబడరు, పక్కనుంచి దండం పెడతారు, అలాంటిది గొట్టం పెట్టి కళ్ళలోకి చూస్తే ఊరుకుంటాడా అనేవారు. నేను చూస్తే ఆయనా నన్ను చూస్తాడని నాకూ అనిపించింది. మా ఆయన ఒక్కరే చూసి కిందికొచ్చి, "మీ శనీశ్వరుడు గోళీకాయకు గాజు తొడిగినట్టున్నాడే, అంత అందగాడికా మీరు భయపడేది?" అనేవారు. రమ్మంటే నేను పొయ్యి మీద ఏదో ఉందని తప్పుకునేదాన్ని. ఆయన బలవంతం చేయలేదు. "అట్టాగే ఉంటాళ్ళే, ఎక్కడికి పోతాడు" అనేవారు.

పోయింది ఆయనే. మధ్యాహ్నం తాటిచెట్టు మీద గురి సరిచూసుకుని, కిందికొచ్చి మంచినీళ్ళడిగి, నేను తెచ్చేలోపల కుర్చీలోనే ఒరిగిపోయారు.

నా చేతుల గాజులు తీసేశాక ఆ శనీశ్వరుడి గాజు మీద నాకు మనసు పుట్టింది. ఇక శని నన్నేం చేస్తాడు? సంవత్సరీకాలు వెళ్ళాక, ఆ ఏటి కార్తీకంలో, ఆయన కుదిర్చిన గురితోనే ఒక్కసారి చూడాలనుకున్నాను. గొట్టానికి నా పాత చీర చుట్టి ఎవర్నీ తాకనీయలేదు. మరల జోలికి నేనూ పోలేదు, ఆయన వేళ్ళు ఆఖరున తిప్పినవి కదా.

అప్పుడే మా అన్నయ్య కొడుకు వచ్చాడు. అన్నయ్య మంచాన పడ్డాడు, చెరువులు ఈ అబ్బాయే చూస్తున్నాడు. గాలివానకు వలలన్నీ చిరిగిపోయాయట, కొంగలు పిల్ల చేపల్ని మిగల్చడం లేదట.

"అత్తా, మా నాన్న దుర్భిణి మీ ఇంట్లో ఉందంటగా. నాన్నే అడగమన్నాడు" అన్నాడు తల వంచుకుని. మంచి పిల్లవాడు, అడగడానికి వాడికే కష్టంగా ఉంది.

లేదనకూడదన్న మాట నా చెవిలో మోగింది. "ఇస్తాలేరా. పొద్దుగూకేదాకా ఉండు. ఒక్కటి చూసి ఇస్తా" అన్నాను.

ఉన్నాడు. మసక పడగానే ఇద్దరం డాబా ఎక్కాం. వాడు ఫోన్ ఆకాశం వైపు ఎత్తి, అదిగో అత్తా శని, అని ఆగ్నేయంగా చూపించాడు. చిన్న గొట్టంలో కూడిక గుర్తు నడుమ పసుపు చుక్కను నేనే నిలిపాను. గబగబా పెద్దదానిలోకి చూశాను. ఏమీ లేదు. వాడు చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ నిలిపాం, మళ్ళీ చూశాం.

"దీన్నెవరన్నా కదిలించారా అత్తా?"

అప్పుడు తట్టింది నాకు. వానల ముందు డాబాకు సిమెంటు పూసినవాళ్ళు గొట్టాన్ని మెట్ల కిందికి దించి మళ్ళీ పైకెక్కించారు. చీర చుట్టి ఉంది కదా, లోపల ఉన్నదేంటో వాళ్ళకేం తెలుసు, గంగాళానికి చెవిలా అందింది కాబట్టి ఆ దుర్భిణినే పట్టుకుని మోశారు. నేను పక్కనే నిలబడి చూస్తూ, జాగ్రత్తయ్యా అని కూడా అన్నాను.

"ఏదన్నా దూరంగా ఉన్నదాని మీద సరిచేద్దాం. మామయ్య దేని మీద చూసేవాడు?" అన్నాడు వాడు.

తాటిచెట్టు ఉండాల్సిన చోటికి చెయ్యి చూపించాను. అక్కడ పొలం పోయి ప్లాట్లు వచ్చాయి, ప్లాట్లలో మేడలు లేచాయి, ఆ చెట్టు ఎప్పుడు కొట్టేశారో కూడా నేను చూడలేదు. వాడు సెల్ టవర్ మీది ఎర్ర దీపం మీద ప్రయత్నించాడు. ఏ మర తిప్పితే ఎటు పోతుందో వాడికీ తెలియదు, నాకూ తెలియదు. తిప్పినకొద్దీ ఆయన వేళ్ళు పెట్టిన గురి ఇంకా ఇంకా చెడిపోతున్నదని తెలుస్తూనే ఉంది. ఇంతలో సముద్రం వైపునుంచి మబ్బు వచ్చింది.

"మళ్ళీ పట్టుకొస్తాలే అత్తా, తీరిగ్గా చూద్దాం" అని మరలు విప్పి, దుర్భిణిని తువ్వాలులో చుట్టుకుని రేపల్లె బండెక్కాడు. నిజంగా తేవాలనే అనుకుని ఉంటాడు. చెరువుల పని వాడికి తెరిపి ఇవ్వదు. ఫోన్ చేసినప్పుడల్లా అంటాడు, ఈ నెల కాదత్తా వచ్చే నెల అని. నేనూ సరేనంటాను.

మా కాలంలో వస్తువులు ఇంటికీ ఇంటికీ తిరిగేవి, అడిగితే ఇచ్చేవాళ్ళం, అందులో తప్పేమీ లేదు. కానీ ఒక మనిషి కుదిర్చి పెట్టింది వస్తువుతో పాటు రాదని, పోయేటప్పుడు మాత్రం పోతుందని నాకెవరూ చెప్పలేదు. పెద్ద గొట్టం డాబా మీద అలాగే ఉంది. రెండు కడియాలూ ఖాళీగా, మరలు లోపలికి వేళ్ళు చాపినట్టు ఉన్నాయి. పొద్దుగూకాక పైకి వెళితే ఆ పసుపు చుక్క మామూలు కంటికి కనపడుతూనే ఉంటుంది, భయం లేకుండా ఎదురుగానే నిలబడి చూస్తాను, చుక్కలాగే ఉంటుంది, గాజు కనపడదు. నిజాంపట్నం దారిలో, ఆయన చుక్కల కోసం తిప్పి పెట్టిన ఆ బిళ్ళలోంచి దగ్గర్లో వాలిన కొంగ ఎవరికైనా సరిగ్గా కనపడుతుందో, లేక నూనె మరకలా అలుక్కుపోయి ఉంటుందో, ఈసారి ఫోన్ చేసినప్పుడు వాణ్ణి అడగాలి.