మరిది తోట ఆకు

ఆపిల్ చెట్ల కింద రాలిన ఆకును ఆవిడ పగవాణ్ణి చూసినట్టు చూస్తుంది. మచ్చ తెగులు చలికాలమంతా రాలిన ఆకులోనే ముడుచుకుని పడుకుంటుంది. చిగుళ్ల వేళ వాన పడగానే లేచి, గాలెక్కి, లేత ఆకుల మీద వాలుతుంది. అందుకే ఆకు రాలడం మొదలైతే ఆవిడ చీపురు కింద పెట్టదు. నడుం పట్టేస్తే మోకాళ్ల మీద కూర్చుని చేత్తో ఏరుతుంది.

కాపురానికొచ్చిన కొత్తలో మామగారు అంటు కట్టడం నేర్పారు. ఈ చెట్లన్నీ ఆవిడ చేతి కట్టు విప్పుకుని పెరిగినవే. వరుసగా రెండేళ్లు కాయలు నల్లమచ్చలేసి పగిలిపోయాక భర్త తేల్చి చెప్పేశాడు.

"ఈసారీ మచ్చ కనిపించిందంటే కొట్టేయిస్తాను. ఇక నన్ను బతిమాలకు."

ఆవిడ ఊడ్చే తోట అద్దంలా ఉంది. బెడదంతా కంచె అవతలే. పంపకాల్లో ఆ సగం మరిదికి పోయింది. అతను బస్సు నడుపుకుంటూ తోటను గాలికి వదిలేశాడు. అక్కడ ఆకు మడమ లోతున పడి ఉంది.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ చీపురుతో కంచె దాటింది. మరిది గుమ్మంలో నిలబడి పళ్లు తోముకుంటున్నాడు.

"అటు నుంచి అటే ఇల్లు కూడా ఊడ్చెయ్యరాదూ వదినా. మీ చెల్లెలికి పని తప్పుతుంది."

"ఊడుస్తాలే. ముందు ఈ ఆకు కాల్చుకోనియ్యి."

"ఇంట్లో పసిపిల్ల ఉంది, పొగ పడదు."

"పోనీ, గొయ్యి తీసి పూడుస్తా."

"ఇవాళ గొయ్యి అంటావు, రేపు గట్టంటావు, ఎల్లుండి నేలే నీదంటావు."

"నీ నేల నాకెందుకురా? నా చెట్లు పోతాయి. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా."

మరిది పుక్కిలించి ఊశాడు. "సరే, కంచె వారన పోగు పెట్టుకో. మా ఆకు మా దగ్గరే ఉంటుంది."

అరచేతులు పగిలేదాకా ఊడ్చింది. కంచె వారన పోగు మనిషెత్తు లేచింది. ఇంటి నుంచి టార్పాలిన్ తెచ్చి కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టింది. ఆ చలికాలమంతా నిద్ర లేవగానే ముందు చూసేది ఆ పోగునే.

చెట్లు చిగురించాయి. ఒక రాత్రి వాన దంచింది. తెల్లారేసరికి పోగు మీద టార్పాలిన్ లేదు. రాళ్లు పక్కన పేర్చి ఉన్నాయి. టార్పాలిన్ మరిది వాకిట్లో మోటార్ సైకిల్ మీద ఉంది.

"బండి తడుస్తోందని తీశాను. ఇదిగో, ఇచ్చేస్తున్నా కదా," అంటూ అతను దాన్ని దులిపి, మడతపెట్టి మరీ చేతికిచ్చాడు. అతని ముఖంలో కక్షేమీ లేదు. అది ఉన్నా బాగుండేదనిపించింది ఆవిడకు. అతని తోటంతా చెదిరి ఉన్న తెగులును తన చేత్తోనే ఊడ్చి, తన చెట్ల పక్కన కుప్ప పోసి వచ్చింది.

కొన్నాళ్లకు కంచె వైపు చెట్టు మీద, ఒక ఆకు మీద మసిలాంటి మచ్చ కనిపించింది. తెంపి ఒడిలో వేసుకుంది. దాని పక్కదీ తెంపింది. ఆ పై కొమ్మదీ.

"ఏం చేస్తున్నావక్కడ?" ఇంటి దగ్గర్నుంచి భర్త అడిగాడు.

"ఏం లేదు. పురుగు తిన్న ఆకులు."

అతను చెప్పులేసుకుని ఇటే వస్తున్నాడు. ఆవిడ రెండు చేతులా తెంపుతోంది. ఒడి నిండిపోయింది. చేతికందని కొమ్మల్లో ఇంకా మచ్చలు కనిపిస్తూనే ఉన్నాయి.