అమ్మ ముఖానికి వంకాయ రంగు నీడ

కంప్లిలో ఫ్లెక్సీలు వేసే షాపులో పనిచేస్తాను. పుట్టినరోజు నాయకుడైనా, గృహప్రవేశం దంపతులైనా, ఫోటో చేతికి రాగానే ముందు ముఖం తెల్లగా చేసేస్తాం. ఎవరూ అడగరు, ఎవరూ వద్దనరు. ఎండలో మాడిన మనిషి ఫ్లెక్సీలో పెరుగన్నంలా వెలిగిపోతుంటాడు.

ఖాళీ దొరికితే నాది వేరే పిచ్చి. పిక్సెల్ ఆర్ట్. అంటే చిన్న చిన్న గళ్ళలో రంగులు నింపుకుంటూ బొమ్మ వేయడం. అడ్డం ముప్పైరెండు గళ్ళు, నిలువు ముప్పైరెండు. ముక్కు, మూతి, జుట్టు అన్నీ అందులోనే ఇమడాలి. ఒక్క గడి అటూ ఇటూ అయిందంటే మేనత్త కాస్తా మేనమామ అయిపోతుంది.

అమ్మ వరినాట్లకు పోతుంది. ఆమె గుంపులో ఆడవాళ్ళందరి వాట్సాప్‌లో వాళ్ళ ముఖాలుంటే, అమ్మది మాత్రం మందార పువ్వు. ఫోటో తీస్తానంటే కొంగు అడ్డం పెట్టుకుంటుంది. నల్లగా ఉన్నానని సిగ్గేమో అనుకున్నాను. ఆమె ముఖం ఆమెకే నచ్చేలా ఒక బొమ్మ వేసి తీరాలని పంతం పట్టాను.

వారం రోజులు అన్నం తినే వేళంతా దానికే పెట్టి, గొప్పగా చూపించాను. అమ్మ ఫోన్‌ను దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసింది.

"నువ్వు గూడా తెల్లగ చేస్తివా అప్పా? మా పెండ్లి ఫోటోలోనూ ఇట్లే చేసిరి. ఇంట్లో యాడ చూసినా నేను లేనే లేను."

తల కొట్టేసినట్టయింది. షాపు అలవాటు కొద్దీ చెయ్యి తన పని తాను చేసేసింది, నేను గమనించనే లేదు. సిగ్గుపడింది అమ్మ కాదు, నేనే.

మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. శుక్రవారం కాబట్టి ముఖానికి పసుపు రాసుకుని ఉంది. తేరిపార చూస్తే తెలిసింది, నలుపంటే ఒక్క రంగు కాదని. చెంపల మీద, ముక్కు కొసన వెలుగు పడ్డచోట పసుపు తేలుతోంది. దవడ కింద నీడలో వంకాయ రంగు ఉంది. ఆ నీడకు ఉత్త నలుపు వేస్తే మసి పూసినట్టుంటుంది, అందుకే వంకాయ రంగే వేశాను. జుట్టును వెంట్రుక వెంట్రుకగా గీస్తే చీపురైపోతుంది. మొత్తం ఒకే ముద్దగా నింపి, నూనె మెరిసేచోట ఒక వంపు నీలం పెట్టాను. పాపిడి పక్కన నెరిసిన వెంట్రుకలకు మూడు గళ్ళు కేటాయించాను. తీసేయమంటావా అని అడిగితే, ఇంకో చోట కూడా నెరిసింది, అది మరిచిపోయావని వేలు పెట్టి చూపించింది.

పూర్తయ్యాక ఫోన్ అమ్మ చేతికిచ్చాను. ముక్కు ఇంకొంచెం సరిచేస్తానని నేను గొణుగుతూనే ఉన్నాను. ఆమె వినిపించుకోకుండా బొమ్మను సిరిగేరిలో ఉండే పిన్నికి పంపి, వాయిస్ మెసేజ్ నొక్కింది.

"ఏమే, ఫోటో చూడు. ఇది నేను. ఎంత సక్కగుండాను."