పంపు మీద పోసిన నీళ్లు

నిన్న సాయంత్రం షంషాద్ ఫోను చేసింది. "మామూ పోయినాడు" అనింది. అంతే.

ఫోను చేతిలోనే ఉండాది.

మా మస్తాను పోయినాడు.

రెండో క్లాసు చదివినోన్ని. తొంభై దాటినాయి. ఒక్కో అక్షరం వెతుక్కోని కొడతాండా. తప్పులుంటే ఉండనీ, చదవండి.

మంచోడు, మంచోడు అని ఈ వాట్సాప్ గ్రూపులో అందరూ పెడతాండారు. వాడెంత మంచోడో మీకు తెలీదు.

ఇంగ్లీషోడు ఇంకా పోలే అప్పటికి. బద్వేలు నుంచి కడపకు పోయే పెట్రోలు బస్సుకు నేను డ్రైవరు. మస్తాను బస్సుల షెడ్డులో రిపేరు మేస్త్రీ.

ఆ పొద్దు వాడు పాసింజరుగా ఎక్కినాడు. చెల్లెలు జైనాబీకి కాన్పు కష్టమైంది. మంత్రసాని తన వల్ల కాదనింది. కడప ఆస్పత్రికి తీస్కపోతాండాడు.

లంకమల అడివి కాడ ఇంజను దగ్గి నిలిచిపాయ.

మా సీమ డ్రైవర్లకు తెలిసింది ఒకటే మందు. ఎండకు పెట్రోలు ఆవిరైతాది, ఇంజనుకు పెట్రోలు తోడే పంపు మీద తడిగుడ్డ చుట్టి నీళ్లు పోయాల. పోసినా. హ్యాండిలు తిప్పి తిప్పి లేపినా. రెండు మైళ్లకు మళ్లీ నిలబడింది.

మస్తాను దిగి ఇంజన్లో ఆయిలు కొలిచే పుల్ల తీసి వాసన జూసినాడు. ఆయిల్లో పెట్రోలు కంపు.

"ఓబులేసూ, ఎండ కాదప్పా. పంపు లోపల పొర చినిగింది. పెట్రోలంతా ఆయిల్లోకి దిగతాంది. నన్ను విప్పనీ."

నలుగురి ముందర నాకే జెప్తాడా అని రోషం.

"స్టీరింగు నీదా నాదా? నీ మేస్త్రీతనం షెడ్డులో జూపించుకో" అంటి.

గంట పైన అట్లే. నీళ్లు పోసేది, కొంచెం పోయేది, నిలబడేది.

లోపల జైనాబీ నీళ్లు అడిగింది. తిత్తిలో చుక్క లేదు. అన్నీ పంపు మీద పోసేసినా.

అప్పుడు జరిగినా పక్కకు.

వాడు పంపు విప్పినాడు. గోరంత చినుగు. స్పేరు యాడ దొరుకుతాది ఆ అడివిలో? చెల్లెలి కింద పరిచిన ఆయిల్‌క్లాతు అంచు కోసి, గుండ్రంగా రెండు బిళ్లలు చేసి, ఆ పొర జాగాలో బిగించినాడు.

కడప దాకా బండి యాడా ఆగలే.

బిడ్డ దక్కింది. జైనాబీ దక్కలే. ఇంకొక గంట ముందు తెచ్చింటే అనింది డాక్టరమ్మ.

ఊర్లో అడిగినోళ్లందరికీ మస్తానుది ఒకటే మాట. "ఎండకు బండి నిలిచిపాయ. ఓబులేసు ఏం జేస్తాడు."

డెబ్బై ఏండ్లు అదే మాట. మేమిద్దరమే కూర్చున్నా అదే మాట.

ఆ బిడ్డే షంషాద్. మామూ సాకిన బిడ్డ. ఈ గ్రూపులోనే ఉండాది.

అమ్మా, ఎండ కాదు. నేను.

ఈ పొద్దు మధ్యాన్నం నమాజు అయినాక మట్టి ఇస్తారంట. వస్తాండా. మూడు పిడికిళ్ల మన్ను నేనూ వేయాలనుంది. నువ్వు వద్దంటే కబరస్తాను గేటు బయటే నిలబడి చూసి పోతా.

మస్తానా, ఇంక నా కోసం అబద్ధం జెప్పే పని లేదు నీకు. నిమ్మళంగా పండుకోప్పా.