గొడ్డుపూల బతుకమ్మ

మొన్న పొద్దున మా మనవడి భార్య మిద్దె మీద తొట్టిలో పెంచుకుంటున్న గుమ్మడితీగ దగ్గర వంగి ఏదో చేస్తుంటే, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి పోయినదాన్ని ఊరికే కూర్చోలేక, ఏమిటా అని తొంగి చూశాను. పిందె లేని వట్టి పువ్వునొకదాన్ని తుంచి, రేకులు ఒలిచి, లోపలి పసుపు కాడను పిందె ఉన్న పువ్వులో మెల్లగా రాస్తోంది. గొడ్డుపువ్వుతో నీకేం పనే, అదెందుకూ కొరగానిదని నేను నవ్వితే, ఆ పిల్ల తల కూడా ఎత్తకుండా, "గిది లేకుంటే కాయే నిలవదు అవ్వా, పిందె పసుపువడి రాలిపోతది. ఈడికి తేనెటీగలు రావు గదా, గందుకే నేనే చేస్తున్న" అన్నది.

నేను అక్కడే నీళ్ళతొట్టి అంచు మీద కూలబడ్డాను. కళ్ళు తిరిగాయేమోనని పాపం ఆ పిల్ల కంగారుపడి చెంబుతో నీళ్ళు తెచ్చింది. కళ్ళు తిరగలేదు, నాకంత సుకుమారమూ లేదు. ఎప్పుడో నా పదిహేనో ఏటి సంగతి ఒకటి, అందరం ఒక తీరుగా నమ్మి మూటగట్టి పెట్టుకున్నది, ఆ ఒక్కమాటతో తలకిందులైంది. నా ఈడువాళ్ళెవరైనా ఇంకా మిగిలి ఇది చదువుతుంటే వాళ్ళకే ఈ బాధ తెలుస్తుందని రాస్తున్నాను. ఈ కాలపు పిల్లలకు చెబితే, ఓస్ ఇంతేనా అంటారు.

నేను తిమ్మాజిపేట దగ్గరి ఒక పల్లె నుంచి వనపర్తికి కాపురానికి వచ్చేనాటికి రెండో ప్రపంచయుద్ధం నడుస్తున్నది. కాపురానికి వచ్చానన్న మాటే గాని మా ఆయన హైదరాబాదులో చదువుకుంటూ ఏ సెలవులకో తప్ప వచ్చేవారు కారు. మామగారు కచేరీలో రాతపని చేసేవారు. ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ కోడలు తలుపు చాటునే ఉండాలి. ఇక మా అత్తగారు మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉండేది. చెడ్డమనిషి కాదు, కొట్టింది లేదు, తిట్టిందీ తక్కువే, కానీ పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆమె నోట వినబడేవి పనుల పేర్లు మాత్రమే. అక్కచెల్లెళ్ళ మధ్య ఇల్లు ఎగిరిపోయేటంత గోలలో పెరిగిన నేను, పప్పు రుబ్బుతూ రోటితోనే మాట్లాడుకునేదాన్నంటే నమ్ముతారా? ఒకనాడు అత్తగారు వెనక నిలబడి విన్నదని తెలిసి సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె మాత్రం ఏమీ అనకుండా వెళ్ళిపోయింది, అంటే బాగుండేది.

ఆ రోజుల్లో యుద్ధం మూలాన అన్నీ పిరమై, ఉప్పూ చింతపండుతో పూట గడిపే ఇళ్ళు ఎక్కువైతే, ఊరవతల పాడుబడిన తోటనొకదాన్ని మడులుగా విడదీసి కచేరీ నౌకర్లకు తలా ఒకటి ఇచ్చారు, కూరగాయలు పండించుకొమ్మని. షరతు ఒక్కటే, దీపావళి నాటికి కాపు కనబడని మడిని వెనక్కి తీసుకుని మరొకరికి ఇస్తారు. మామగారి కలం పట్టిన చెయ్యి పార పట్టేది కాదు, అత్తగారికేమో ఉబ్బసం. అలా ఆ మడి నా పాలబడింది. నెత్తిన కొంగు కప్పుకుని, చేత దోకుడుపార పట్టుకుని మొదటిసారి వీధి గడప దాటిననాడు నాకు రెక్కలొచ్చినట్టే అయింది.

మా మడికి గట్టవతలిది కచేరీ జవాను మడి. చేసేది అతని భార్య, మా అమ్మ ఈడు మనిషి. గద్వాల అవతల, రాయచూరు దిక్కు నుంచి వచ్చినదట, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడేది. పిల్లల్లేరు. నన్ను చూసిన మొదటిరోజే గట్టు మీద కూర్చుని సద్దిమూట విప్పుతూ, "ఊట ఆయితా బిడ్డా?" అన్నది. నాకర్థం కాక తెల్లముఖం వేస్తే, "తిన్నవా అంటున్న" అని నవ్వింది. ఆ ఊరికి వచ్చినప్పటినుంచి, తిన్నావా అని నన్నెవరూ అడగలేదు. ఏడుపొచ్చింది నాకు, దాచుకోలేదు కూడా. ఆమె రొట్టెలో సగం తుంచి, పుంటికూర పెట్టి నా చేతిలో పెట్టింది. ఆనాటినుంచి నేనామెను చిన్నమ్మా అని పిలిచాను.

ఇక ఆ ఏటి కాలం సంగతేమని చెప్పను. మృగశిర ఎండగానే పోయింది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదంటారు, అదీ కురవలేదు. తోటలో ఉన్నది ఒక్క మోటబావి. వంతులవారీగా మడులకు నీళ్ళు వదిలేవారు, మా వంతు వచ్చేసరికి మోటతోలులో నీళ్ళకంటే బురదే ఎక్కువ ఉండేది. ఒక్కొక్కరే విసిగి మడులు వదిలేసి పోతుంటే, చివరకు ఆ తోటలో పచ్చగా మిగిలినవి మా రెండు మడులే. మిగిలాయంటే నా ప్రయోజకత్వం కాదు, చిన్నమ్మ తన వంతు నీళ్ళు పారుతుండగా కాలితో గట్టు కాస్త తెగగొట్టి నా పాదులకు మళ్ళించేది. ఎందుకు చిన్నమ్మా అంటే, నీళ్ళకు గట్టు ఎరుకనా బిడ్డా అనేది. ఆ బీడులో, ఎర్రటి ఎండలో, మేమిద్దరమే కూర్చుని లోకంలోని మాటలన్నీ మాట్లాడుకునేవాళ్ళం. ఇంటికి వస్తే మళ్ళీ రోలూ నేనూ. దీపావళికి కాపు కనబడకపోతే మడి పోతుంది, మడి పోతే గడప దాటే పని పోతుంది, ఇక చిన్నమ్మను చూసే దారే ఉండదు. కూరగాయల కోసం అందరూ దేవుళ్ళకు మొక్కితే, నేను మాత్రం నాతో మాట్లాడే ఆ ఒక్క మనిషి కోసం మొక్కాను.

తీరా వాన రానే వచ్చింది, ఎలా వచ్చింది, ఎందుకొచ్చావమ్మా అనేలా వచ్చింది. ఒక్క జోరువాన కురిసి తెరిపిచ్చినా బాగుండేది. పట్టిన ముసురు విడవలేదు. సూర్యుడి ముఖం చూడక నా మిరపనారు కుళ్ళిపోయింది, బెండ ఆకులు ముడుచుకున్నాయి, బీరతీగ నల్లబడింది. నిలిచింది గుమ్మడిపాదొక్కటే. అదేం పెరుగుదలో గాని గట్టెక్కి, కంచె పాకి, బీడుపడ్డ మడుల మీదకు కూడా పోయి, గిన్నెలంతేసి పసుపుపచ్చని పూలు పూసింది. చిన్నమ్మ మడిలో గోకరకాయ, అదే గోరుచిక్కుడు, మాత్రం ఆ ముసురులోనూ కాసింది. ఆమె చేతిలో ఏముందో గాని, ఏది పెట్టినా బతికేది.

తొలి పిందె ఆమే చూసింది. ఆకు చాటున ఉసిరికాయంత పిందె. సంబరం పట్టలేక, "అగ్గో బిడ్డా, పిందె!" అని వేలెత్తి చూపింది. మా దిక్కు ఎవరూ పిందెను వేలెత్తి చూపరు, చూపితే కుళ్ళి రాలిపోతుందంటారు. చూపాల్సే వస్తే వేలు మడిచి కణుపుతో చూపాలి. చూపిన మరుక్షణం చిన్నమ్మ నాలుక కరుచుకుని, ఆ వేలిని నోట పెట్టుకుని కొరికి, దోషం పోవాలని నేలమీద మూడుసార్లు ఉమ్మేసింది. ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ రోజే, ఎన్నడూ రాని మా అత్తగారు, ముసురులో ఇంకా రాలేదేమని నన్ను వెతుక్కుంటూ వచ్చి కంచె దగ్గర నిలబడి ఉంది.

అంతలో బతుకమ్మ పండుగ వచ్చింది. నన్ను తీసుకుపోను మా నాయన రావాల్సింది, మా పల్లెల వైపు గత్తర, అదే కలరా, తగిలిందని, చావులవుతున్నాయని, ఎవరూ ఈ దిక్కు రావద్దని కబురొచ్చింది. ఏడ్చాను, బొక్కెన పట్టుకుని బావి దగ్గర నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తగారు చూసింది. మరునాడు తెల్లవారుజామున లేచి చూస్తే ఆమె ఇంట్లో లేదు. కాసేపటికి ఉబ్బసంతో రొప్పుతూ, తడిసిన చీరతో, గంపెడు గుమ్మడిపూలతో వచ్చింది. ఆ ఏడు అదను తప్పిన వానలకు తంగేడు పూయలేదు, గునుగు చేలలో కనబడలేదు, ఊళ్ళో ఆడవాళ్ళంతా పూలెక్కడని తల పట్టుకున్నారు. ఈమె మాత్రం మా పాదు మీది గొడ్డుపూలన్నీ, అంటే పిందె లేకుండా వట్టి కాడ మీద పూసేవన్నీ, ఒక్కటి వదలకుండా తెంపుకొచ్చింది. పిందె ఉన్న పువ్వును ఒక్కదాన్ని ముట్టుకోలేదు, అంత జాగ్రత్త. గంప నా ముందు దించి, ఊపిరి తీసుకుని, "పుట్టింటికి పోకుంటే ఏమాయె, ఈడ నేను లేనా?" అన్నది.

ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా ప్రతి తెల్లవారుజామునా ఆమే వెళ్ళి తెచ్చేది, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని గుమ్మడాకు పరిచి వరసలు పేర్చేవాళ్ళం. వీధిలో మా బతుకమ్మే ఎత్తు. గొడ్డుపూలు పోతే పాదుకు బరువు తగ్గి పిందెలు బాగా ఊరుతాయని చిన్నమ్మ కూడా సంతోషించింది. అదీ మాకు తెలిసిన వ్యవసాయం.

పండుగ దాటీ దాటకముందే పిందెలు రాలడం మొదలైంది. పొద్దున పోయి చూస్తే ఒకటి పసుపు తిరిగి ఉండేది, మరునాటికి కాడ మెత్తబడి చెయ్యి తాకితే ఊడివచ్చేది. బూడిద చల్లాను, పాదుకు పాత చెప్పు కట్టాను, నరసింహస్వామికి మొక్కాను. ఆకులు మాత్రం ఏనుగు చెవులంత పచ్చగా ఉన్నాయి, వాటి కింద ఒక్క కాయ లేదు. దీపావళి ముందు మామగారు మడి చూసి వచ్చి, ఇక అప్పగించేస్తానని అన్నంలో నీళ్ళు పోసుకుంటూ అన్నారు.

అత్తగారు ఆ పూటే నన్ను వెంటబెట్టుకుని తోటకు వెళ్ళింది. చిన్నమ్మ గోకరకాయలు కోస్తోంది. మాటల పొదుపు మనిషికి అన్ని మాటలు ఎక్కడినుంచి వచ్చాయో, "నా కండ్లతోని జూసిన, ఏలు సాపి జూపిచ్చినవు. కడుపు పండనోళ్ళ ఏలు ఊకెనే పోతదా? నీ మడి పచ్చగుండె, మాది మన్నాయె" అని గట్టు మీద నిలబడి అరిచింది. చిన్నమ్మ తిరగబడుతుందనుకున్నాను, నోరున్న మనిషే. ఆమె ఒళ్ళోని కాయలు జారి కింద పడ్డాయి, వంగి ఏరుకోలేదు. తన కుడిచేతి వంక చూసుకుని, "నిజమే అమ్మా. సంబురంల యాది మరిచిన. నా ఏలే తిన్నది" అన్నది. ఒప్పేసుకుంది! ఆమె నమ్మింది, అత్తగారు నమ్మింది, నేను కూడా నమ్మాను. ఆ చేతులు పెట్టినదల్లా బతకడం కళ్ళారా చూసిన ముగ్గురం.

మడి పోయింది. నేను మళ్ళీ ఇంట్లో, రోటి దగ్గర. అత్తగారు కూడా మళ్ళీ మాటలు దాచుకుంది, ఆ బతుకమ్మ నాటి మనిషి మరి నాకు కనబడలేదు.

కొన్నేళ్ళకు, నా మొదటి కొడుకు చంకలో ఉండగా, పెబ్బేరు సంతలో గోకరకాయలు గుట్టపోసుకుని కూర్చున్న చిన్నమ్మను చూశాను. జుట్టు నెరిసింది. పరుగెత్తినంత పని చేసి పిల్లవాణ్ణి ఆమె ఒళ్ళో పెట్టబోతే, రెండు చేతులూ గబుక్కున కొంగు కిందికి పోయాయి. కళ్ళు మాత్రం వాడి మీదే ఉన్నాయి. "వద్దు బిడ్డా, నా ఏలు మంచిది గాదు. సల్లగుండని" అన్నది. నేను బలవంతం చేయలేదు. నాలోనూ ఎక్కడో ఒక బెదురు ఉండిందేమో, తల్లిని కదా. వాడెంతో సేపు ఆమె వైపు చేతులు చాచి ఏడ్చాడు. మళ్ళీ ఆమెను నేను చూడలేదు.

ఇప్పుడా తోట ఉన్నచోట ఇళ్ళు లేచాయి. కూరగాయలు బండి మీద గుమ్మం ముందుకే వస్తాయి, పిందె అన్నది చూడకుండానే పిల్లలు పెరిగిపోతున్నారు, వేలెత్తి చూపకూడనిదంటూ లోకంలో ఏదీ మిగల్లేదు. మంచిదే, పాడుభయాలు పోతే పోనీ. మా అత్తగారి మీద కోపం తెచ్చుకుందామని మొన్నటినుంచి చూస్తున్నాను, రావడం లేదు. నా జన్మలో నాకోసం ఎవరైనా తెల్లవారకముందే లేచి వానలో తడిశారంటే అది ఆమే, ఆ పూలు తెంపడమే పాదును గొడ్డుచేసిందంటే నేనేం చేయను? కానీ చిన్నమ్మ మాటేమిటి? ఎవరి పిల్లలనూ ఎత్తుకోకుండానే, తన చేతులు తానే దాచుకుంటూ ముసలిదై పోయి ఉంటుంది. నీ వేలు కాదు చిన్నమ్మా అని ఒక్కమాట చెప్పడానికి ఇన్నేళ్ళకు నాకు తెలివి వచ్చింది, వినడానికి ఆమె లేదు, ఆమె ఫలానా అని ఎరిగినవాళ్ళు కూడా నేను తప్ప ఈ భూమ్మీద ఒక్కరు లేరు.