మేస్త్రీ నోరు కట్టేసుకున్న రోజు

లారీలు బాగుచేసే మేస్త్రీకి రెండు పేర్లు ఉండేవి. డ్రైవర్లు ఎదురుగా ఉన్నంతసేపు "మేస్త్రీ గారూ" అనేవారు, గేటు దాటగానే "వాగుడుకాయ" అనేవారు. రెండూ న్యాయమైన పేర్లే. నలభై ఏళ్లుగా ఆయన చేతిలో పానా తిరుగుతున్నంతసేపు నోరూ తిరుగుతూనే ఉండేది. ఇంజిన్‌ని బుజ్జగించేవాడు, తిట్టేవాడు, నట్టు చెయ్యి జారి కిందపడితే దాన్ని క్షమాపణ అడిగేవాడు. పన్ను పీకించుకున్న ఒక్కరోజు మాత్రం మాట్లాడలేదని, ఆ పూట ఇల్లు ఎంత హాయిగా ఉందో చెప్పలేనని ఆయన భార్య ఇప్పటికీ తలచుకుంటుంది.

అలాంటి మనిషి ఆ సోమవారం పొద్దున్నే నోరు విప్పనని మాట ఇచ్చాడు. ఇచ్చింది కోడలికి.

సంగతేమిటంటే, మేస్త్రీ మోకాళ్లు ఇక లారీ కిందకి దూరనంటున్నాయి. కొడుకేమో దర్జీ, ఇంజిన్ ఆయిల్ వాసన తగిలితే చాలు, పదకొండు తుమ్ములు తుమ్ముతాడు. కోడలు అలా కాదు. మధ్యాహ్నం క్యారియర్ ఇవ్వడానికి షెడ్డుకి వచ్చి, "ఇదెందుకు మామయ్యా? అదెందుకు మామయ్యా?" అని అడగడం మొదలుపెట్టింది. ఆరేళ్లు తిరిగేసరికి పని మొత్తం చేతికి వచ్చేసింది. అయినా ఆమె బానెట్ ఎత్తితే డ్రైవర్లు ఆమె భుజం మీదుగా మేస్త్రీ మొహమే చూసేవారు. గోడ అవతల టైర్ల వ్యాపారి ఈ షెడ్డు మీద ఎప్పుడో కన్నేశాడు. ఒకసారి టేపు పట్టుకొచ్చి కొలుచుకుని కూడా వెళ్లాడు. నెలాఖరులోగా డ్రైవర్లు కోడల్ని నమ్మితే షెడ్డు ఆమెది, లేకపోతే టైర్లది. ఇంట్లో అలా తేల్చుకున్నారు.

"మామయ్యా, మీరు పక్కన మాట్లాడుతున్నంతకాలం నా మాట వాళ్ల చెవికెక్కదు. ఒక్క బండి నాకు వదిలెయ్యండి. అది స్టార్టయ్యేదాకా మీరు నోరు విప్పకూడదు" అంది కోడలు.

"సైగలు చెయ్యొచ్చా?"

"చెయ్యకూడదు. కనుబొమ్మలు కూడా ఎగరెయ్యకూడదు."

మేస్త్రీకి తన నోటి మీద తనకే నమ్మకం లేదు. అందుకని స్టూలు పక్కన చెంబుతో నీళ్లు పెట్టుకుని, బండి గేట్లోకి రాగానే బుగ్గల నిండా పుక్కిట పట్టాడు.

వచ్చింది మామూలు బండి అయినా బాగుండేది. తాడు కట్టి ఇంకో లారీ ఈడ్చుకొచ్చింది ఇటుకల లారీని. పాతకాలపు పెట్రోలు ఇంజిన్, వయసులో కోడలి కంటే పెద్దది. దాన్ని నడిపే మీసాల డ్రైవరు ఏ షెడ్డు మంచిదంటే ఇటుకల బట్టీల లారీలన్నీ ఆ షెడ్డుకే వెళ్తాయి. ఇంకెవరిని మెప్పించినా మెప్పించకపోయినా ఇతన్ని మెప్పిస్తే చాలు. మెప్పించలేకపోతే రేపటికల్లా ఆ మాట అందరికీ పాకిపోతుంది.

డ్రైవరు కోడల్ని దాటుకుని నేరుగా స్టూలు దగ్గరికి వెళ్లాడు. "మేస్త్రీ గారూ! శుక్రవారం మీరు కరెంటు పాయింట్లు మార్చిన బండే. దారిలో పేలి చచ్చిపోయింది!"

మేస్త్రీ బుగ్గలు పొంగించుకుని బొమ్మలా కూర్చున్నాడు.

"పన్ను నొప్పా?" అన్నాడు డ్రైవరు జాలిగా.

"ఆయనకి ఇవాళ సెలవు. నాతో చెప్పండి. ఎలా పేలింది?" అంది కోడలు.

"ఎలా అంటే... పేలిందమ్మా."

"ఆ చప్పుడు చేసి చూపించండి. నోటితోనే."

డ్రైవరు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకున్నాడు. గోడ మీద టైర్ల వ్యాపారి తల అప్పటికే మొలిచింది. ఇక తప్పదని మీసం సవరించుకుని మొదలుపెట్టాడు. "గుర్ర్ గుర్ర్ గుర్ర్... ఎత్తు ఎక్కుతున్నానమ్మా... గుర్ర్... ఢామ్! ఫుస్స్."

"బాగుంది. ముందునుంచా, వెనకనుంచా?"

"ఏంటమ్మా?"

"అంటే, బండి తుమ్మిందా? ఇంకోటి చేసిందా?"

అంత పెద్ద మీసం కింద ఆ మనిషి సిగ్గుపడిపోయాడు. "తుమ్మిందమ్మా" అన్నాడు మెల్లిగా. మేస్త్రీకి నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. నీళ్లు ముక్కులోకి ఎక్కినా కక్కలేదు.

ముందునుంచి తుమ్మిందంటే పెట్రోలు వచ్చే దారినే మంట వెనక్కి కొట్టిందన్నమాట. కోడలు కార్బురేటర్‌లోకి తొంగిచూసి యాక్సిలరేటర్ తీగ లాగింది. పెట్రోలు చివ్వున చిమ్మింది. ప్లగ్గు వైరు ఊడదీసి ఇనుము దగ్గర పట్టుకుని, "సెల్ఫ్ కొట్టండి" అంది. నీలంగా టక్ టక్‌మని నిప్పురవ్వ దూకింది. వైరు మళ్లీ తగిలించి ఇంకోసారి కొట్టమంటే, ఇంజిన్ ఢామ్మని తుమ్మింది. డ్రైవరు ఉలిక్కిపడి తల పైకప్పుకి కొట్టుకున్నాడు.

"పెట్రోలు ఉందంటావు, కరెంటు ఉందంటావు. మరి నడవదేం?" అన్నాడు తల రుద్దుకుంటూ.

"అన్నీ ఉన్నాయి, వేళకి లేవు. అందరూ చేతులు కడుక్కుని లేచాక వంట పూర్తయితే ఏం లాభం?"

డ్రైవరుకి ఓపిక అయిపోయింది. "ఎందుకొచ్చిన గొడవమ్మా, ఆయన్ని ఒక్క మాట అడగనీ" అంటూ స్టూలు వైపు తిరిగాడు. మేస్త్రీకి ప్రాణం గిలగిల్లాడింది. లోపల టైమింగ్ గేరు పళ్లు రాలితే రెండు రోజుల పని. అది తేలాలంటే ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి చూడాలి. మూత తియ్యవే తల్లీ, మూత తియ్యి అని మనసులో గోల పెడుతున్నాడు. కోడలు మూత తీసేసింది. సెల్ఫ్ కొట్టిస్తే లోపల ముల్లులాంటి రోటర్ చక్కగా తిరిగింది. దాన్ని తిప్పే గేరు క్షేమం. మేస్త్రీ సంతోషం పట్టలేక తన తొడ తనే గిల్లుకున్నాడు.

కోడలు ముందున్న పుల్లీని తిప్పి గీతకి గీత కలిపింది. అప్పుడు రోటర్ ఒకటో నంబరు వైరు వైపు చూడాలి. అది ఇంకెక్కడో చూస్తోంది. ఆమె రెండు క్షణాలు ఆలోచించి, డిస్ట్రిబ్యూటర్ మొత్తాన్ని గుప్పిట పట్టి కదిపింది. సీసా మూతలా తిరిగింది.

దాన్ని కదలకుండా పట్టే బోల్టు మీద మేస్త్రీ చూపు పడింది. ఆ షెడ్డులో ఆయనే పెట్టిన పద్ధతి ఒకటుంది. చివరిసారి బిగించిన బోల్టు మీద తెల్లరంగు చుక్క పెట్టాలి. చుక్క లేకపోతే పని కానట్టే. శుక్రవారం పాయింట్లు మార్చాక ఈ బోల్టుని వేళ్లతో తిప్పి, పానా అందుకోబోతూ, మా కోడలు ఎంత తెలివైనదో తెలుసా అని ఇదే డ్రైవరుకి చెప్పడం మొదలుపెట్టాడు. అరగంట చెప్పాడు. ఆ తర్వాత పానా పట్టుకున్నట్టు ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పుక్కిట ఉన్న నీళ్లన్నీ, బండి దిగి దగ్గరికొచ్చిన డ్రైవరు మీసం మీద పడ్డాయి.

కోడలు చుక్క లేని బోల్టుని చూసింది, మామగారిని చూసింది. ఆమెకి అంతా అర్థమైపోయింది. నవ్వు ఆపుకుంటూ, "పాత బండి కదండీ, అదురుకి వదులైంది" అంది. టైమింగ్ కలిపి, బోల్టు గట్టిగా బిగించి, చుక్క పెట్టి, "కొట్టండి" అంది. ఒక్క సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుంది. గోడ మీది తల కిందికి దిగిపోయింది.

"అదురుకే అయ్యుంటుంది. మేస్త్రీ గారు బిగించాక ఊరికే ఊడుతుందా?" అన్నాడు డ్రైవరు మీసం తుడుచుకుంటూ. "ఏదో అదృష్టం, నీ చేతికి తగిలిందమ్మా. పెద్ద రోగం వస్తే మాత్రం ఆయనే చూడాలి."

కోడలి మొహం చిన్నబోయింది. మామగారి పరువు కాపాడబోతే అది తన పనికే ఎసరు పెట్టింది. పరువా, షెడ్డా అని మేస్త్రీ మీనమేషాలు లెక్కపెట్టలేదు. స్టూలు మీంచి లేచాడు.

"అదురూ లేదు, బెదురూ లేదు! నేనే బిగించలేదు!"

"మామయ్యా!" అంది కోడలు.

"బండి స్టార్టయిందమ్మా, గడువు అయిపోయింది. చూడవయ్యా, శుక్రవారం నీతో కబుర్లలో పడి ఆ బోల్టు వదిలేశాను. నలభై ఏళ్ల మేస్త్రీని, తప్పు చేశానని నాకే తెలియదు. ఈ పిల్ల అరగంటలో పట్టేసింది. అదృష్టమంటావేంటి, ఒక్కొక్కటే తోసేసుకుంటూ వచ్చి పట్టింది! నేనైతే ఈపాటికి టైమింగ్ గేరు విప్పేసి కూర్చునేవాణ్ని!"

డ్రైవరు కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తర్వాత కోడలి వైపు తిరిగి నిలబడ్డాడు.

"అమ్మా, వచ్చే వారం మా బావమరిది బండి తెస్తాను, బ్రేకుల పని. వెనకాలే ఇంకో నాలుగు వస్తాయి. కానీ ఒక్క షరతు. ఈయన్ని మాత్రం బండి మీద చెయ్యి వెయ్యనివ్వకు."

"వెయ్యనివ్వనండీ" అంది కోడలు. మేస్త్రీ మొహం చూసి ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. "మామయ్యా, మా ఇద్దరికీ టీ చెప్పి రండి."

అంత అవమానం మేస్త్రీకి పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ జరగలేదు. అంత సంతోషమూ కలగలేదు. మోకాళ్ల నొప్పి సంగతే మరిచిపోయి గంతులేసుకుంటూ రోడ్డు మీదికి వచ్చాడు. దుకాణం ముందు దిగాలుగా నిలబడ్డ టైర్ల వ్యాపారి ఆపి, "ఏంటి మేస్త్రీ గారూ, అంత హుషారు?" అన్నాడు.

"నన్ను పనిలోంచి తీసేశారయ్యా!" అని వీధి మొత్తానికి వినపడేలా కేకేసి, మేస్త్రీ టీ కొట్టు వైపు పరుగెత్తాడు.